గేటు: ఇతరుల పని

మా కాలేజీలోనే చదివి, త్వరలో ఒక డిజైన్ ఆఫీసులో చేరబోతున్న అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసింది. "అక్కా, చేరేముందు ఏమేం చూసుకోవాల్నో జర చెప్పరాదు" అని అడిగింది. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కోడ్ పుస్తకం కొనుక్కోవాలి అన్నది ఆమె ఉద్దేశం. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది మొదలుపెట్టేలోపే పాప లేచి ఏడ్చింది, ఫోన్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

ఇలాంటివి మామూలుగా పదవీ విరమణ చేసి శాలువా కప్పించుకున్న పెద్దవాళ్లు రాస్తారు. నాకు శాలువా ఎవరూ కప్పలేదు. మా పాపకు ఇంకా పళ్లన్నీ రాలేదు, నా ఉద్యోగం మాత్రం అయిపోయింది. జనగామలో ఒక ప్రైవేటు ఆఫీసులో సివిల్ ఇంజనీర్‌గా చేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బడులకు అదనపు గదులు, అంగన్‌వాడీ భవనాలు, ప్రహరీ గోడలు, మరుగుదొడ్లు. వీటికి డ్రాయింగులు గీయడం, పని నడుస్తున్నప్పుడు వెళ్లి చూసి రావడం మా పని. ఇందులో పేపర్లో ఫోటో పడే కట్టడం ఒక్కటీ లేదు. కానీ మేము గీసిన ప్రతి కప్పు కిందా రోజూ పిల్లలు కూర్చుంటారు. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసీ ఏం చేశామన్నదే నా కోపం.

మా సారు

ఆ ఆఫీసు నడిపే మా సారు గురించి చెడు మాత్రమే రాస్తే అది అబద్ధం అవుతుంది. నేను నేర్చుకున్న పనిలో చాలా భాగం ఆయన చేతి కింద నేర్చుకున్నదే.

చేరిన కొత్తలో ఒక బడి కడుతున్న చోటికి నన్ను వెంట తీసుకెళ్లారు. అక్కడ ఒక పిల్లరు కింది భాగంలో కాంక్రీటు సరిగా దిగక గుల్లలు పడ్డాయి. కాంట్రాక్టరు దాని మీద సిమెంటు పూసి నున్నగా చేసి పెట్టాడు. సారు బండి తాళంచెవితో పిల్లరు చుట్టూ కొట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు.

"ఇది పగులగొట్టు" అన్నారు.

"సార్, లోపల ఇనుము మంచిగనే ఉన్నది. పైన గింతంత గుల్ల. పూసినంక కనవడ్తలేదు గద?"

"నీకు కనవడ్తలేదు. పైన పడే బరువుకు కనవడ్తది. పగులగొట్టు."

కాంట్రాక్టరు బతిమాలాడు, తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేయించాడు. సారు అక్కడే ఒక ఇటుకల కుప్ప మీద కూర్చుని, పిల్లరు పగిలేదాకా లేవలేదు. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన గౌరవం చిన్నది కాదు. ఇంజనీర్ అంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. అందుకే తర్వాత జరిగినదానికి నాకు అంత మంట.

ఆయన భయమంతా డ్రాయింగులో ఉన్నవాటి మీదే. గీత ఎక్కడ ఆగితే ఆ భయం అక్కడ ఆగేది.

మేము గీసే ప్రహరీ గోడ డ్రాయింగులో గోడ ఉంటుంది, పునాది ఉంటుంది, స్తంభాలు ఉంటాయి. ముందువైపు ఒకచోట గోడ తెగి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఒక మాట రాసి ఉంటుంది: "గేటు: ఇతరుల పని." ప్రతి బడికీ అదే. ఊరి పేరు మారేది, గోడ పొడవు మారేది. ఆ మాట మాత్రం మారేది కాదు.

"ఇతరులంటే ఎవరు సార్?" అని ఒకసారి అడిగాను.

"మనం కానోళ్లు" అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

మా దిక్కున దీనికి ఒక కారణం ఉంది. బడి గదులు సర్కారు డబ్బుతో వస్తాయి. గేటు మాత్రం ఊరివాళ్లలో ఎవరో ఒకరు పెట్టిస్తారు, చనిపోయిన తల్లి పేరనో తండ్రి పేరనో. పేర్లు ఇనుప అక్షరాలుగా కోయించి గేటు పైభాగాన అతికిస్తారు. ఎంత బరువైన గేటు పెడితే అంత గౌరవం. అది తప్పని నేననను. తండ్రి పేరు బడి ముందు చూసుకోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ ఆ గేటును ఎవరూ గీయరు. ఊరాయన పేరు చెబుతాడు, వెల్డింగ్ షాపాయన గోడలో ఖాళీ కొలుచుకుని అంత పొడవుకు ఇనుము కోస్తాడు. అది ఎట్లా నిలబడుతుందన్నది లెక్క వేసేవాడు ఒక్కడూ ఉండడు. లెక్క వేయడం వచ్చిన మేము "ఇతరుల పని" అని రాసి పక్కకు తప్పుకున్నాం.

గేటు కింద పడ్డ పిల్ల

రఘునాథపల్లి అవతల ఒక ఊళ్లో బడి గేటు నాలుగో తరగతి పిల్ల మీద పడింది. ఆ బడి ప్రహరీ గోడ మేము గీసిందే.

అది పక్కకు జరిగే గేటు. ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. నేలలో పాతిన ఇనుప పట్టా మీద కింద చక్రాలు దొర్లుతాయి. పైన గోడ అంచున గైడు ఉంటుంది, అంటే గేటు అటూ ఇటూ ఒరగకుండా రెండువైపులా పట్టుకునే ఇనుప జోడు. గేటును నిలబెట్టేది ఆ గైడు ఒక్కటే. తెరిచేటప్పుడు గేటు వెనక వచ్చే అంచు గైడును దాటి జరిగిందంటే పైన పట్టుకునేది ఏమీ లేదు, మొత్తం గేటు పడుకుంటుంది. దాటకుండా ఆపడానికి పట్టా చివర ఒక ఇనుప ముక్క అతికిస్తారు. దాన్ని స్టాపర్ అంటారు. ఇందులో ఉన్న ఇంజనీరింగంతా ఇంతే. ఇంటర్ పిల్లలకు కూడా చెప్పొచ్చు.

ఆ బడి గేటుకు ఆ ముక్క లేదు. ఎందుకు లేదు? వెల్డర్ పెట్టాడు, బడివాళ్లు తీయించారు. తీయించడానికి కారణం మా డ్రాయింగే. గోడలో ఖాళీ ఎంతో గేటు పొడవు అంతే ఉంటే, స్టాపర్ దగ్గర ఆగినప్పుడు గేటు చివర ఒక మూరెడు దారిలోకి పొడుచుకుని ఉంటుంది. లారీ రాదు, ట్రాక్టరు రాదు. అందుకని ఆ ముక్క కోసేస్తారు. గేటు పొడవు ఖాళీ కంటే ఎక్కువ ఉండాలి. ఆ మాట డ్రాయింగులో ఒక్క గీతతో చెప్పొచ్చు. ఆ గీత మేము గీయలేదు.

ఆ పిల్లను చూడటానికి వరంగల్ దవాఖానకు వెళ్లాను. ఆఫీసు పంపలేదు, నేనే వెళ్లాను. కాలు పైకి కట్టి ఉంది. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"అందరు నా బిడ్డదే తప్పంటున్రు మేడం" అన్నది ఆమె. "ఊగితె పడదా అంటున్రు. ఊగకుంట పిల్లలుంటరా? మీరే చెప్పుండ్రి."

నేను ఏమీ చెప్పేలోపే ఆ పిల్ల మెల్లగా అడిగింది: "మేడం, గేటు ఇరిగిపోయిందా? సారు కొడ్తడా?"

గేటును తనే విరగ్గొట్టాననుకుంది. కాలు నలిగిన పిల్ల గేటు గురించి భయపడుతోంది.

తిరిగి వచ్చి సారుతో చెప్పాను. ఆయన బాధపడలేదని అనను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత అడిగారు: "మన డ్రాయింగుల గేటు ఉన్నదా?"

"లేదు సార్."

"గదే రాసి పంపు. పై ఆఫీసోల్లు అడిగిన్రు."

గేటు మా డ్రాయింగులో లేదని ఆఫీసు రాసి పంపింది. ఆ వాక్యంలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అబద్ధం చెప్పి తప్పించుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. నిజం చెప్పి తప్పించుకోవచ్చని అప్పుడే తెలిసింది. విచారణలో చివరికి తేలిందేమిటంటే, పిల్లలు గేటు మీద ఊగకుండా ఉపాధ్యాయులు చూసుకోవాలట. అంతే. దవాఖాన మంచం మీద ఉన్న పిల్ల, ఆమెకు పాఠం చెప్పే సారు, ఇద్దరే దోషులు.

బయ్యారం దగ్గరి తండా

తర్వాత కొన్ని నెలలకు బయ్యారం దగ్గర ఒక తండాలో బడి గదులు పూర్తయ్యాయి. ప్రారంభోత్సవానికి ముందురోజు గదులు చివరిసారి చూసి రమ్మని నన్ను పంపారు. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను, బయటికే తెలుస్తోంది.

గదులు బాగున్నాయి. బయటికి వస్తుంటే గ్రైండర్ చప్పుడు వినిపించింది. మానుకోట (మహబూబాబాద్) నుంచి వచ్చిన వెల్డర్ యాకూబ్ గేటు పట్టా చివర కూర్చుని స్టాపర్ కోస్తున్నాడు. గేటు మీద పెద్ద పెద్ద ఇనుప అక్షరాల్లో "హేమ్లా" అని ఉంది. చుట్టూ తండా పిల్లలు నిప్పురవ్వలు చూస్తూ గంతులేస్తున్నారు.

"అన్నా, అదెందుకు కోస్తున్నరు?"

"కొయ్యమన్నరు మేడం, కోస్తున్న. నిన్న నేనే పెట్టిన, ఇయ్యాల నేనే తీస్తున్న" అన్నాడు యాకూబ్, నాకంటే విసుగ్గా.

హెడ్‌మాస్టర్ రాజేశ్వర్ సారు పరుగున వచ్చారు. "రేపు ముఖ్య అతిథి కారు లోపల్కి రావాలె మేడం. గేటు పూర్తిగ జరగకుంటె కారు పట్టదు. ఒక్కరోజే. ఎల్లుండి మల్ల పెట్టిస్తం."

"ఎల్లుండి యాకూబ్ అన్న వస్తడా?"

యాకూబ్ నవ్వాడు. "ఎల్లుండి నాకు గూడూరుల పని ఉన్నది."

సారుకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. ఆయన విని, "నువ్వు రూములు చూడనీకి పోయినవా, గేటు చూడనీకి పోయినవా?" అన్నారు.

"రూములు మంచిగున్నయి సార్. గేటు పడ్తది."

"గేటు మన పని కాదు. ఒక్క మాట చెప్పకు, ఒక్క ముక్క ముట్టకు. బస్సెక్కి రా."

ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఈలోపు గేటు పెట్టించిన లచ్చిరాం వచ్చాడు. హేమ్లా ఆయన తండ్రి. లచ్చిరాం చిన్నప్పుడే కూలికి హైదరాబాద్ పోయి, సెంట్రింగ్ పని నేర్చి, ఇప్పుడు తనే పదిమందికి పని ఇస్తున్నాడు. గేటు పడిపోతుందంటున్న మేడం ఎవరో చూద్దామని వచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని.

"ఏమైంది మేడం? మా గేటు మంచిగ లేదా?"

"గేటు మంచిగున్నదన్నా. నిలబడేటట్టు లేదు."

"మా బాపు పేరు పడిపోతదంటున్నవా?" ఆయన గొంతు లేచింది. "మా బాపుకు ఒక్క అక్షరం రాకుండె. ఆయన పేరు బడి మీద ఉండాల్నని నేను ఎన్నేండ్ల సంది అనుకుంటున్ననో నీకెర్కనా? గా పేరు సూసి మా తండా పోరగాండ్లు అక్షరాలు నేర్వాలె. నువ్వొచ్చి పడ్తదంటవ్!"

వెనక నుంచి ఎవరో, "పోనియ్ లచ్చిరామన్నా, వట్టి మనిషి కాదు. ఈ టైంల కోపం ఎక్కువుంటది" అన్నారు. నవ్వులు వినిపించాయి. కడుపుతో ఉన్న ఆడది ప్రమాదం అన్నదంటే అది ఆమె ఒంటి సంగతి. అదే మాట మగ ఇంజనీర్ అంటే అది లెక్క. ఆ రోజు విన్న మాటల్లో నాకు ఇప్పటికీ అరగనిది అదే.

నేను వాదించలేదు. పక్కన ఒక పిల్ల చేతిలో పలక ఉంటే అడిగి తీసుకున్నాను. వరండా గట్టు మీద దాన్ని అంచు మీద నిలబెట్టి, పైన వెనక మూల దగ్గర రెండు వేళ్లు అటొకటి ఇటొకటి పెట్టి, ముందుకు జరిపాను. వేళ్ల మధ్య ఉన్నంతసేపు పలక నిలబడింది. వేళ్లను దాటగానే ఠప్పున పడింది. పిల్లలకు సరదా అనిపించి "మల్ల, మల్ల" అన్నారు. మళ్లీ చేశాను. మళ్లీ పడింది.

లచ్చిరాం పలకను చూశాడు, గేటును చూశాడు. సెంట్రింగ్ పని చేసిన మనిషి, నిలబెట్టిన షీటు కింద పోటు కర్ర లేకపోతే ఏమవుతుందో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు.

"కారు లోపల్కి రావాల్నంటె గీ ముక్క తియ్యాలె" అన్నాడు మెల్లగా. "తీస్తె గేటు పడ్తది."

"పడితే మీ బాపు పేరే పిల్లల మీద పడ్తదన్నా."

లచ్చిరాం తమ భాషలో పిల్లలను ఏదో గదిమి గేటు దగ్గర నుంచి దూరంగా పంపాడు. తర్వాత యాకూబ్ వైపు తిరిగి, "పెట్టు. గట్టిగ పెట్టు. రేపు ఎవడొచ్చి అడిగినా తియ్యకు" అన్నాడు.

"మరి కారు?" అన్నారు రాజేశ్వర్ సారు, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"కారు బయటుంటది. ఆయనకు కాళ్లు లేవా?"

స్టాపర్ మళ్లీ అతికేదాకా నేను బస్సెక్కలేదు. చల్లారాక కాలితో తన్ని చూశాను. అంతా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

మర్నాడు ఏం జరిగిందో రాజేశ్వర్ సారు తర్వాత చెప్పారు. ముఖ్య అతిథి కారు గేటు బయటే ఆగింది. లచ్చిరాం ఎదురువెళ్లి, లోపలికి బండి రాదని, నడిచి రావాలని చెప్పాడట. ఆ పెద్దమనిషి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒళ్లు విరుచుకుని, "మంచిగైంది, కూసోని కూసోని కాళ్లు పట్టుకపోయినయ్" అంటూ లోపలికి నడిచాడట.

ఇంతే. ఈ నాలుగడుగుల నడక కోసమే ఇనుము కోయడం. ఆయన అడగలేదు, ఆయనకు తెలియను కూడా తెలియదు. అడగని మనిషికి కోపం వస్తుందేమోనని, పిల్లలను గేటు కిందికి నెట్టడానికి ఊరు ఊరంతా సిద్ధపడింది. పై నుంచి ఆజ్ఞలు వచ్చి తప్పులు జరుగుతాయని మనం అనుకుంటాం. నేను చూసినంతలో, రాని ఆజ్ఞలకు భయపడి చేసే తప్పులే ఎక్కువ.

"నువ్వు ముట్టినవ్"

రాజేశ్వర్ సారు మంచిమనిషి. ఆ మంచితనంతోనే మా సారుకు ఫోన్ చేసి, మీ మేడం దగ్గరుండి గేటు బాగు చేయించిందని మెచ్చుకున్నారు. మర్నాడు నేను ఆఫీసులో అడుగు పెట్టేసరికి సారు తలుపు దగ్గరే ఉన్నారు.

"ముట్టకు అన్ననా లేదా?"

"అన్నరు సార్."

"నువ్వు ముట్టినవ్. ఇప్పుడు గది మన గేటైంది. రేపు చక్రం ఊడినా, మేకపిల్ల మీద పడినా, మన ఇంజనీరే చేయించింది అంటరు."

"మంచిదే కద సార్. ఎవరన్న ఒకరిదైంది."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. నేను నిలబడే అడిగాను. "మిగతా గేట్ల సంగతేంది సార్?"

"ఏ గేట్లు?"

"మనం గోడ గీసిన ప్రతి బడిది. అన్నిటికి గేటు ఖాళీ అంతే పొడుగుంటది. అన్నిటికి స్టాపర్ కోసేసి ఉంటరు. ఒకసారి పోయి చూసొస్త. లేకుంటె ఫోన్లన్న చేద్దాం."

"మనం గోడ గీసినం. గేటు గీయలే."

"గీయకపోవుడే తప్పు సార్. ఇకనుంచైనా గీద్దాం. పొడుగెంతో, గైడు ఎక్కడో, స్టాపర్ ఎక్కడో. ఒక్క మూలకు పడ్తది."

"గీస్తె మనదైతది. పడితె మన మెడకు చుట్టుకుంటది."

"గీయకుంటె పిల్లల మీద పడ్తది."

పిల్లరు పగిలేదాకా ఇటుకల మీద కూర్చున్న మనిషి నా కళ్లలోకి చూడలేకపోయారు. కాసేపటికి చాలా మెత్తగా అన్నారు: "నీకు ఈ టైంల భయం ఎక్కువైతది బిడ్డా. ఇంటికి పోయి రెస్ట్ తీస్కో. కాన్పయినంక మాట్లాడుకుందం."

అరిచి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. 

"భయపడనీకే కద సార్ మీరు నాకు జీతమిస్తున్నది" అన్నాను.

"డిజైన్ చెయ్యనీకి ఇస్తున్న."

"రెండు ఒకటే సార్. పిల్లరు దగ్గర మీరే నేర్పిన్రు."

నా బల్ల మీద అప్పటికే ఇంకో బడి ప్రహరీ గోడ డ్రాయింగు ఉంది. గోడలో ఖాళీ, ఖాళీలో ఆ మాట, కింద మూలన గీసినవారు అన్నచోట నా పేరు. నా పేరు తీసేయమని అడిగాను. పేరు లేకుండా డ్రాయింగు బయటికి పోదన్నారు. అయితే నేనే పోతానన్నాను. రోషంతో అన్నమాటే. కానీ ఇంటికి చేరాక కూడా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

చేరబోయేవాళ్లకు

నువ్వు చేరే ఆఫీసులో కూడా ఏదో ఒక "ఇతరుల పని" ఉంటుంది. అది గేటు కాకపోవచ్చు. మెట్లకు పట్టుకునే కడ్డీ కావచ్చు, సంపు మీద మూత కావచ్చు, అంగన్‌వాడీ గోడకు తగిలించే కరెంటు బోర్డు కావచ్చు. డ్రాయింగులో ఉన్నవాటిని నీకు అందరూ నేర్పుతారు. లేనివాటిని ఎవరూ చూపించరు. ఖాళీ కనిపిస్తే అక్కడ ఎవరు నిలబడతారు, వాళ్ల వయసెంత అని అడుగు. విసుక్కుంటారు. మళ్లీ అడుగు.

"పిల్లలు ఊగుతారు, మేమేం చేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పిల్లలు ఊగుతారు. అది వర్షం పడుతుంది అన్నంత మామూలు సంగతి. వర్షం పడదనుకుని ఎవరైనా కప్పు వేస్తారా? పిల్లలు పిల్లల్లా ఉండరనుకుని గీసింది డిజైన్ కాదు, తప్పు వాళ్ల మీద వేయడానికి ముందే చేసుకున్న ఏర్పాటు.

నీ సారు మంచివాడై ఉండొచ్చు. నా సారూ మంచివారే. మంచివాళ్లు కూడా ఒక గీత గీసుకుని దాని లోపలే మంచిగా ఉంటారు. ఆ గీత ఎక్కడుందో తెలుసుకో. అది పిల్లలకు ఇవతల ఉంటే, ఆయన ఎంత నేర్పినా సరే, ఆ ఒక్కచోట ఆయన మాట వినకు. నీకు భయమెక్కువ అంటారు. ఉండనీ. ఆడపిల్లవనో, పెళ్లి కుదిరిందనో, కడుపుతో ఉన్నావనో, దానికి ఏదో ఒక కారణం వెతుకుతారు. నీ భయానికి లెక్క ఉన్నప్పుడు దాన్ని తగ్గించుకోకు.

ఇందులో నష్టం లేదని చెప్పను. నాకు ఇంకా ఉద్యోగం లేదు. ఇంట్లో నన్ను సమర్థించినవాళ్లు తక్కువ. నిజం మాట్లాడితే చివరికి అంతా మంచే జరుగుతుందని నేను నీకు మాటివ్వలేను.

ఘనపూర్ ఫోన్

ఆఫీసు వదిలాక కాన్పుకు జనగామలోనే ఉన్న అమ్మగారింటికి వచ్చాను. డ్రాయింగుల పని మీద నాతో మాట్లాడిన హెడ్‌మాస్టర్ల నంబర్లు నా ఫోన్‌లో ఉన్నాయి. ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టాను. ఒకాయన, "మీ ఆఫీసు నుంచి లెటర్ పంపుండ్రి, చూస్తం" అన్నాడు. ఒకాయన చూసి స్టాపర్ ఉందని చెప్పాడు, ప్రాణం లేచి వచ్చింది. ఒకామె, "మీకేం పని లేదా" అని పెట్టేసింది. అమ్మ వంటింట్లోంచి, "ఎందుకే నీకీ పరేషాన్, జరసేపు ఒరుగరాదు" అంటూనే ఉంది.

భూపాలపల్లి జిల్లా ఘనపూర్ వైపు ఒక బడికి స్వరూప మేడం హెడ్‌మిస్ట్రెస్. ఆమెకు మధ్యాహ్నం ఫోన్ చేశాను. పేరు చెబితే గుర్తుపట్టింది.

"మేడం, మీ బడి గేటు పూర్తిగా జరిపితే ఎందాక పోతది?"

"గోడ పొడుగూత పోతదమ్మా. మొన్ననే ట్రాక్టర్ వచ్చింది ఇసుక పోయనీకి. ఎందుకు?"

"నేలల పట్టా ఉంటది గద, దాని చివర ఇనుప ముక్క ఏమన్న ఉన్నదా? జర చూడుండ్రి."

"ఉండు, గటే పోతున్న." చెప్పుల చప్పుడు వినిపించింది. దాని వెనక పిల్లల అరుపులు దగ్గరవుతూ వచ్చాయి. "హన్మకొండ, హన్మకొండ! రైట్, రైట్!" అని ఎవరో కండక్టర్‌లా అరుస్తున్నారు.

"పట్టా చివర మట్టి ఉన్నది" అన్నది స్వరూప మేడం. "ఇనుము ఏంలేదు."

"గేటు మీద ఎవరన్న ఉన్నరా మేడం?"

చెప్పుల చప్పుడు ఆగింది.

"ఉన్నరు. బస్సాట ఆడుతున్రు. కొందరు ఎక్కిన్రు, కొందరు తోస్తున్రు." ఆమె గొంతు మారింది. అరవడానికి ఊపిరి తీసుకోవడం నాకు ఫోన్‌లో వినిపించింది.

"మేడం, అరవకండ్రి. అరిస్తె ఒక్కసారే దుంకుతరు. తోసేటోల్లను మెల్లగ మీ దగ్గరికి పిలువుండ్రి. గేటు కదలకుంట ఆగినంక మీదున్నోల్లను ఒక్కొక్కల్లనే దింపుండ్రి. మీరు గేటు ఒరిగే పక్క నిలవడకండ్రి, అంచు దగ్గర నిలవడుండ్రి."

ఆమె నన్ను ఎందుకని అడగలేదు. ఏ ఆఫీసు తరఫునని అడగలేదు. ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నట్టుంది, అన్నీ వినిపిస్తున్నాయి. ముందు తోసేవాళ్లను పిలిచింది. చక్రాల చప్పుడు ఆగింది. తర్వాత ఒక్కో పేరు మొదలైంది. "అఖిల, నువ్వు దిగు. మెల్లగ. చరణ్, ఆగు, ఆమె దిగినంక. ఇప్పుడు నువ్వు. సంధ్య, చెయ్యి ఇయ్యి." పేరుకూ పేరుకూ మధ్య నాకు ఏమీ వినిపించేది కాదు. నేను గోడకు ఆనుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, తర్వాతి పేరు కోసం ఎదురుచూశాను.

పేర్లు ఆగిపోయాయి.

"ఇంకెవరన్న ఉన్నరా మేడం?"

"లేరు. అందరు నా దగ్గరున్నరు." ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "ఇప్పుడు చెప్పు బిడ్డా. ఏం చెయ్యాలె?"